డిక్కీలో పెట్టిన ప్రస్థానం

ఆ గురువారం మధ్యాహ్నం పన్నెండు దాటాక, బళ్లారిలో మా పక్కింటి ముందు ఒక నల్లటి జర్మనీ కారు చుట్టూ మేము నలుగురం నిలబడి ఉన్నాం. కారు యజమాని, ఆయన తల్లి, ఆయన కూతురు, నేను. కారు తెరుచుకోవడం లేదు. దాని డిక్కీలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంది. ఆ ఫైల్లో ఆ అమ్మాయి పదో తరగతి మార్కుల కార్డు, పీయూసీ మార్కుల కార్డు, ర్యాంకు కాగితం, ఇంకా పద్దెనిమిదేళ్ల వయసుకు ఒక మనిషి మన దేశంలో కూడబెట్టగల సమస్త ముద్రలూ సంతకాలూ ఉన్నాయి. మరునాడు ఉదయం తొమ్మిదింటికి బెంగళూరులో మెడికల్ సీట్ల కౌన్సెలింగ్. జిరాక్సులు పనికిరావు. ఒరిజినల్స్ చేతిలో లేకుండా పోతే ఆ సీటు వెనక ర్యాంకు వాళ్లకు పోతుంది.

ఆ ఫైలు ఇంట్లో బీరువాలో ఉండక డిక్కీలోకి ఎందుకు పోయిందో చెప్పాలంటే నా పాత్ర కూడా చెప్పాలి. దాన్ని దాచిపెట్టి ఇతరుల మూఢత్వం మీద మాత్రమే రాస్తే, నేను నలభై ఏళ్లుగా తిట్టిన పురాణకర్తలకూ నాకూ తేడా ఉండదు.

పక్కింటాయనది బజారులో తాతల నాటి జౌళి అంగడి. గజం బద్దతో బట్ట కొలిచి బతికిన కుటుంబం. సండూరు రోడ్డులో వాళ్లకు కొంత మెట్ట భూమి ఉండేది. జొన్న కూడా సరిగా పండని ఆ భూమిని ఇనుప ఖనిజం పోసుకోవడానికి ఎవరో బాడుగకు తీసుకున్నారు. తర్వాత ఆయన లారీలు కొన్నాడు. అవి ఊళ్లో ఆకాశం మీద గనుల యజమానుల హెలికాప్టరు చప్పుడైతే పిల్లలు తలెత్తి చూడడం కూడా మానేసిన రోజులు. దండెం మీద ఆరేసిన తెల్లపంచె సాయంత్రానికి సన్యాసం పుచ్చుకునేది. ఆ ఎర్ర దుమ్ములోంచే ఆ నల్ల కారు వచ్చింది.

అంతకు ముందు ఆయనకొక పాత కారు ఉండేది. దాని బానెట్ ఎత్తితే బ్యాటరీ రచ్చకట్ట మీద పెద్దమనిషిలా ఎదురుగా కూర్చుని ఉండేది. చార్జి దిగిపోతే రెండు నట్లు విప్పి, సైకిలు వెనక కట్టుకొని కౌల్ బజారుకు తీసుకుపోయేవాడు. అక్కడి అంగడిలో బ్యాటరీలు ఆసుపత్రి వార్డులో రోగుల్లా వరుసగా ఉండేవి. ఒక్కొక్క దాని మీద సుద్దముక్కతో యజమాని పేరు రాసి, వైర్లు తగిలించేవాళ్లు. మరునాటికి రోగి లేచి కూర్చునేది. ఇందులో మాయా లేదు, మర్మమూ లేదు. బడి మెట్లెక్కని వాడు కూడా ఆ కారుతో సమానుడిగా మాట్లాడగలిగేవాడు.

కొత్త కారు అట్లా కాదు. దాన్ని అమ్మినవాళ్లు తాళం చేతికిస్తూ ఒకటే మాట చెప్పారట: "లోపల మీరేమీ ముట్టుకోవద్దు." యజమాని ముట్టకూడదు, ఊరి మెకానిక్ ముట్టకూడదు, కంపెనీ అనుమతి పొందిన చేతులే ముట్టాలి. గర్భగుడిలోకి అందరినీ రానివ్వాలని కుర్రతనంలో చర్చా వేదికల మీద గొంతు పోయేలా అరిచిన వాణ్ణి నేను. బానెట్ కింద కొత్తగా ఒక గర్భగుడి కట్టారని ఆ రోజు దాకా గమనించలేదు.

ఆ కారుకు మా ఊరు చేసిన సేవ కూడా చెప్పాలి. డ్యాష్‌బోర్డు మీద ఒక దేవుడి బొమ్మ పెట్టారు. బొమ్మ వెనక తిరిగే చక్రం, ముందు ఒక చిన్న బల్బు. ఇంజను ఆపి తాళం తీసేస్తే బల్బు ఆరిపోతుందని పక్కింటాయనకు బాధ కలిగింది. "దేవుని ముందర దీపం ఆరగూడదప్పా" అని ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. కారు నిద్రపోయినా కరెంటు వచ్చే వైరు ఎక్కడుందో వెతికి, వాడు దానికే అంటగట్టాడు. ఎవరూ లేనప్పుడు కారులోని ప్రతి దీపమూ ఆరిపోవాలని జర్మనీ వాళ్లు ఎంత తల బద్దలు కొట్టుకున్నారో తెలియదు. మా ఎలక్ట్రీషియన్ ఒక స్క్రూడ్రైవర్‌తో దానికి అఖండ జ్యోతిని ప్రసాదించాడు.

ఆ ముందటి ఆదివారం పక్కింటాయన మా ఇంటికి వచ్చాడు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక చిన్న పని. మీ ఇల్లు మాకు దక్షిణం గదా."

"కట్టినప్పటి నుంచీ అటే ఉంది."

"పాపకు శుక్రవారం బెంగుళూరులో కౌన్సెలింగు. మేం గురువారం పోవల్ల. గురువారం దక్షిణానికి వారశూల అంట. బుధవారం అమాస. మంగళవారం ఎట్లా పనికిరాదు. అందుకని సోమవారం పొద్దున మంచి గడియలో పాప ఫైలు తెచ్చి మీ ఇంట్లో ప్రస్థానం పెడతాం. గురువారం పోయేటప్పుడు తీసుకుంటాం. మాయమ్మ అడగమన్యాది."

ప్రస్థానం తెలియని వాళ్ల కోసం చెబుతాను. బయలుదేరవలసిన రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియలో ప్రయాణపు సామాను ఒకటి ఇల్లు దాటించి, పోవలసిన దిక్కులో ఉన్న మరొకరి ఇంట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత మనిషి చెడ్డ రోజున కదిలినా దోషం అంటదు. పెట్టిన వస్తువును మాత్రం మళ్లీ ఇంట్లోకి తేకూడదు. కాలాన్ని మోసం చేయడానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయాల్లో ఇంత తెలివైనది నాకు ఇంకొకటి కనబడలేదు. తిథులనూ వారాలనూ నమ్మినవాళ్లే, ఆ తిథులూ వారాలూ ఒక సంచిని చూసి మోసపోయేంత మొద్దులని కూడా నమ్ముతారు.

ఇదంతా ఆయనకు చెప్పాను. బెంగళూరు మా వంటింట్లో మొదలవుతుందా అని అడిగాను. గ్రహాలకు పక్కింటి చిరునామా ఎవరిచ్చారని అడిగాను. మధ్యలో ఒకసారి వేలు కూడా ఎత్తాననుకుంటాను. ఆయన వ్యాపారి. వాన వెలిసేదాకా చూరు కింద నిలబడినవాడిలా ఓపికగా విన్నాడు.

"మీరు చెప్పేదంతా కరెక్టే సార్. పెట్టుకుంటారా, లేదా?"

"పెట్టుకోను."

"సరే" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అదే నాకు కొంచెం గుచ్చుకుంది.

నేను వచ్చింది పాత మిషన్ సంఘానికి చెందిన కుటుంబం నుంచి. మా ఇంట్లో వారశూలలు లేవు. కానీ మా అమ్మ ఊరికి బయలుదేరే ముందు కళ్లు మూసుకొని బైబిలు తెరిచేది. వేలు పడిన చోట ఉన్న వాక్యం ఆ ప్రయాణానికి వాగ్దానం. ఒకసారి సిరిగేరిలో పెళ్లికి పోతూ తెరిస్తే వేలు వంశావళి మీద పడింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు ఇంకొకణ్ణి కనెను. ఆమె కాసేపు ఆలోచించి, "పెళ్లికి గదా, మంచిదే" అని సంచి తీసుకొని బస్టాండుకు నడిచింది. ఆమెతో నేను ఎప్పుడూ వాదనకు దిగలేదు. ధైర్యం చాలక కాదు, అన్నం పెట్టేది ఆమె. పక్కింటాయన నాకు అన్నం పెట్టడు కాబట్టి నా సిద్ధాంతం ఆయన మీద పూర్తి బలంతో పనిచేసింది.

నేను కాదన్నాక వాళ్ల ముసలామె ఇంకో దారి కనిపెట్టింది. కారు మా ప్రహరీగోడ పక్కనే, వాళ్ల ఇంటికి దక్షిణంగా నిలబడి ఉంటుంది. అది ఇంటి బయటిదే. నాలుగు తలుపులున్నాయి కాబట్టి ఒక విధంగా ఇల్లే. సోమవారం పొద్దున కొబ్బరికాయ కొట్టి, ఫైలును పసుపుబట్టలో చుట్టి డిక్కీలో పెట్టి మూశారు. కారు తాళాన్ని కూడా పసుపు కుంకుమలతో పూజించి, పసుపు దారం చుట్టి దేవుడి గూట్లో ఉంచారు. గురువారం దాకా ఆ బండి కదలకూడదు, డిక్కీ తెరవకూడదు.

మూడు రోజులు ఆ బొమ్మ ముందు బల్బు వెలుగుతూనే ఉంది, చక్రం తిరుగుతూనే ఉంది. మా వరండాలో కూర్చుంటే అద్దంలోంచి స్పష్టంగా కనిపించేది. దాన్ని చూస్తూ నేను ఒక వ్యాసం మొదలుపెట్టాను. రెండు పేజీలు రాశాను కూడా. బల్బు వెలుగులో భక్తి ఎంత, ప్రదర్శన ఎంత అని చాలా లోతుగా పరిశీలించాను. ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది, ఎంతకాలం వస్తుంది అనే ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే పంతులుని. విద్యుత్తు పాఠం ఇరవై ఏళ్లుగా నాదే.

గురువారం ఒకటిన్నరకు రాహుకాలం వస్తుంది కాబట్టి పన్నెండు గంటలకే బయలుదేరాలని వాళ్ల ఏర్పాటు. పక్కింటాయన గుమ్మంలో నిలబడి తాళం మీది బొత్తాం నొక్కాడు. కారు పలకలేదు. దగ్గరికి పోయి నొక్కాడు. డిక్కీకి ఆనించి నొక్కాడు. అంగడికి మనిషిని పంపి తాళంలో వేసే చిన్న సెల్లు కొత్తది తెప్పించి వేసి నొక్కాడు. అద్దానికి ముఖం ఆనించి చూస్తే లోపల చక్రం ఆగిపోయి ఉంది. దీపం ఆరింది.

దారిన పోయేవాళ్లు ఆరుగురు వచ్చి తోశారు. పాత కారైతే వీధి చివరకు పోయేలోగా దగ్గి లేచేది. ఇది ఆటోమేటిక్ గేరు బండి. అంగుళం కదల్లేదు. కదిలినా ఇంజన్ లేవదని తర్వాత తెలిసింది.

కంపెనీ సర్వీసు వాళ్లకు ఫోన్ చేశాడు. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. బెంగళూరు నుంచి బండి మోసుకుపోయే లారీ పంపుతామనీ, రెండు రోజులు పడుతుందనీ చెప్పాడు. అంతదాకా ఏమీ ముట్టుకోవద్దన్నాడు. మరీ అవసరమైతే కారుతో ఇచ్చిన పుస్తకంలో అంతా వివరంగా ఉందన్నాడు.

"పుస్తకం యాడుండాది నాన్నా?" అని అడిగింది కూతురు.

"కార్లో."

ఆ పిల్ల పదో తరగతిలో నా దగ్గర చదువుకుంది. తక్కువ మాటల మనిషి. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ గేటు దగ్గర నిలబడింది. ఆ రోజు బడికి సెలవు పెట్టి ఇంట్లో ఉన్న నేను, అది చూసే గోడ ఇవతలి నుంచి అటు పోయాను.

ముసలామె నన్ను చూసి, "రాప్పా అయ్యవారూ, రా. నువ్వు ఫైలు పెట్టుకొనుంటే ఈ గాశారం లేకపోవును" అంది.

"తాళం ఇట్లివ్వండి" అన్నాను.

ఎంత తెలివైన కారైనా తయారుచేసినవాడు ఎక్కడో ఒక చోట దాని తెలివిని అనుమానించి తీరతాడు. కరెంటు లేనప్పుడు లోపలికి పోవడానికి ఏదో ఒక ఇనుప ముక్క ఉండి తీరాలి. తాళాన్ని తిప్పి తిప్పి చూశాను. పసుపు ముద్ద ఎండి అతుక్కుపోయి ఉంది, పైన దారం పన్నెండు చుట్లు. దారం కింద ఏదో చిన్న మీట తగిలింది.

"దారం తీయాలి."

"తీసేది లేదు" అంది ముసలామె. "పాప బెంగుళూరు చేరినాక తీయల్ల."

"అవ్వా, తీయకుంటే చేరేదే లేదు గదా!" అంటూ ఆ పిల్ల నా చేతిలోంచి తాళం లాక్కుని దారాన్ని పంటితో కొరికేసింది. ఎండిన పసుపును గోటితో గీకి, మీట నొక్కింది. తాళం కడుపులోంచి ఒక సన్నని మామూలు తాళంచెవి బయటికి వచ్చింది, మా అమ్మ ట్రంకుపెట్టెకు ఉండేలాంటిదే. తాళంచెవి దూర్చే కన్నం వెతకడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. డ్రైవరు తలుపు పిడి వెనక, ఒక మూత కింద దొరికింది. తలుపు తెరుచుకుంది. పక్కింటాయన రెండు చేతులూ జోడించాడు. ఎవరికో నేను అడగలేదు.

పుస్తకం దొరికింది. నాలుగు వందల పేజీలపైన ఉంది, అంతా ఇంగ్లీషు. అమ్మాయి ముందు సీట్లో కూర్చుని దాన్ని తిరగేస్తోంది. తండ్రి స్టీరింగు కిందున్న మీట లాగితే బానెట్ తెరుచుకుంది. ఇద్దరం తొంగి చూశాం. అంతా నల్లటి ప్లాస్టిక్ మూతలు, ఇస్త్రీ చేసినట్టు నున్నగా. బ్యాటరీ లేదు.

"ఎవరన్నా ఎత్తుకపోయినారా సార్?" అన్నాడు ఆయన గొంతు తగ్గించి.

"సార్, బ్యాటరీ డిక్కీలో ఉండాదంట" అని లోపలి నుంచి అమ్మాయి గొంతు వినిపించింది. పేజీ తిప్పి, "డిక్కీ కరెంటుతోనే తెర్చుకుంటాదంట."

డిక్కీ తెరవాలంటే కరెంటు కావాలి. కరెంటు కావాలంటే బ్యాటరీ దగ్గరికి పోవాలి. బ్యాటరీ దగ్గరికి పోవాలంటే డిక్కీ తెరవాలి. దేవుణ్ణి నమ్మితే దేవుడు కనిపిస్తాడు, కనిపించాలంటే ముందు నమ్మాలి అనే వాదాన్ని నేను ఎన్ని సభల్లో చీల్చి చెండాడానో లెక్క లేదు. ఆ వాదం చక్రాల మీద వచ్చి మా వీధిలో నిలబడింది.

అప్పటికే పక్కింటాయన తన డ్రైవర్లకు కూడా ఫోన్ చేసి ఉండడం వల్ల, గనుల వైపు యశ్వంతనగర్ నుంచి దిగుతున్న ఆయన లారీ ఒకటి ఎర్రదుమ్ము రాల్చుకుంటూ వీధిలోకి వచ్చింది. డ్రైవరు నలభై ఏళ్ల మనిషి, కనురెప్పల మీద కూడా ఖనిజం. సంగతంతా విని, డిక్కీ మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, పశువును పరీక్షించినట్టు తల ఊపాడు.

"పుస్తకాలెందుకు సావుకారూ? గడ్డపార ఉండాది నా తాన. ఈడ సందులో పెట్టి ఒక్క ఎత్తు ఎత్తితే లేచొస్తాది."

పక్కింటాయన కారు వైపు చూశాడు. ఆ కారు వచ్చిన రోజు ఆయన వీధిలో అందరికీ లడ్డూలు పంచాడు. దుమ్ము పడుతుందని రోజుకు రెండుసార్లు తుడిపించేవాడు. "ఇంకొంచేపు సూద్దాం" అన్నాడు.

అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తి తండ్రిని చూసింది. మళ్లీ తల వంచుకుని పేజీలు ఇంకా వేగంగా తిప్పసాగింది.

ముసలామె ఊరుకోలేదు. "ఏందిరా సూసేది? డబ్బా ఎక్కువా నీకు, బిడ్డ ఎక్కువా? పగలగొట్టించు!"

"అమ్మా, ప్రస్థానం పెట్టిన డిక్కీ గదా, నువ్వే..."

"పెట్టింది నేను. పగలగొట్టమనేదీ నేనే. ఏమప్పా డ్రైవరూ, తేప్పా గడ్డపార!"

నిజం ఒప్పుకుంటాను, ఆమె నోటి నుంచి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు. మూఢనమ్మకం మనిషిని పూర్తిగా మింగేస్తుందని రాసేవాణ్ణి. ఆమెను మింగలేదు. ఆమే దాన్ని తాంబూలంలా నములుతోంది, అవసరమైతే ఉమ్మేయడానికి సిద్ధంగా.

డ్రైవరు గడ్డపారతో వచ్చేసరికి అమ్మాయి పేజీ మీద వేలు పెట్టి కారులోంచి దూకింది. "ఆగన్నా, ఆగు! సార్, ఈ పటం సూడండి. ఇంజను పక్కన ఎర్రమూత ఉంటాదంట. దాని కింద ఒక బొడిపె. బ్యాటరీ యాడున్నా దాని ప్లస్సు ఈడికి తెచ్చినారు. బయటి కరెంటు ఈడ ఇస్తే సాలంట."

చూశాను. ప్లాస్టిక్ మూతల మధ్య వేలెడంత ఎర్రమూత, దాని మీద కూడిక గుర్తు. మూఢులైనా శాస్త్రజ్ఞులైనా చదవగలిగే ఒకే ఒక అక్షరం.

డ్రైవరు గడ్డపార పడేసి, లారీలోంచి పంటి క్లిప్పులున్న రెండు లావు వైర్లు తెచ్చాడు. తన బ్యాటరీ పెట్టె తెరిచి అప్పుడే తగిలించబోతున్నాడు.

"ఆగు!" అని అరిచాను. ఆ రోజు నేను పనికొచ్చేలా అరిచింది అదొక్కటే. "నీ లారీ ఇరవై నాలుగు వోల్టులు. ఇది పన్నెండు. అట్లే ఇస్తే లోపలి కంప్యూటర్లన్నీ మాడిపోతాయి. తర్వాత డిక్కీ ఎప్పటికీ తెరుచుకోదు."

"కరెంటు కరెంటే గదా సార్?"

"నీళ్లు నీళ్లే. బిందెతో పోయడం వేరు, కాలవ మళ్లించడం వేరు."

లారీ పెట్టెలో రెండు బ్యాటరీలు ఉంటాయి, ఒకటి పన్నెండు చొప్పున, ఒకదాని వెనక ఒకటి కలిపి. రెండింటి చివరల నుంచి తీసుకుంటేనే ఇరవై నాలుగు. ఛాసిస్‌కు వైరు పోయే బ్యాటరీ ఏదో చూపించమన్నాను. లారీ ఇంజన్ ఆపమన్నాను. ఆ ఒక్క బ్యాటరీ ప్లస్సు నుంచి ఎర్రమూత కింది బొడిపెకు, దాని మైనస్సు నుంచి కారు బానెట్ కింద రంగు లేని ఇనుముకు వైర్లు తగిలించాడు. చిన్న నిప్పురవ్వ ఎగిరింది. మరుక్షణం కారు ఎన్నాళ్లకో నిద్ర లేచినట్టు నాలుగు వైపులా దీపాలు మిటకరించింది. బొమ్మ ముందు బల్బు వెలిగింది, చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"సూస్తివా అయ్యవారూ, సామి లేచినాడు" అంది ముసలామె.

"ఆయనే పడుకోబెట్టాడు" అన్నాను. ఎవరూ వినలేదు.

అమ్మాయి డిక్కీ దగ్గరికి పరుగెత్తి బొత్తాం నొక్కింది. టక్కుమని మూత లేచింది. పసుపుబట్ట మూట తీసి, ముడి విప్పి, కాగితాలు ఒక్కొక్కటే చూసుకుంది. మార్కుల కార్డు దగ్గర ఆగి దాన్ని తిరగేసి మళ్లీ చూసింది, తనదేనా అన్నట్టు. తర్వాత ఫైలును రెండు చేతులతో రొమ్ముకు అదుముకుంది. అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది.

కాసేపు లారీ బ్యాటరీ నుంచి చార్జి ఎక్కనిచ్చి, ఇంజన్ స్టార్ట్ చేస్తే పట్టుకుంది. డ్రైవరు వైర్లు విప్పుకున్నాడు. "సావుకారూ, ఇంజను మాత్రం ఆపొద్దండి. మళ్లీ ఆగితే నేను దొరకను. నాకు లోడుండాది, బేగ పోవల్ల" అని లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

అప్పుడు ముసలామె గోడ గడియారం చూసి వచ్చింది. ఒంటిగంటా నలభై. రాహుకాలం పది నిమిషాల ముందే వచ్చి కూర్చుంది.

"మూడింటికి పోతారు" అని తీర్పు చెప్పింది.

పక్కింటాయన స్టీరింగు ముందు కూర్చుని నా వైపు చూశాడు. ఆ రోజుల్లో బళ్లారి రోడ్డు సంగతి అందరికీ తెలుసు. ఒక ఖనిజం లారీ అడ్డంగా నిలబడితే వెనక మైళ్ల దూరం ఆగిపోయేది. గంటన్నర ఆలస్యం ఎక్కడికి లాగుతుందో చెప్పలేం. పైగా సగం చచ్చిన బ్యాటరీ. నిలబెట్టి ఉంచిన ఇంజను మధ్యలో ఆగితే కథ మొదటికి వస్తుంది.

ముసలామె తెలివైనది. నా దగ్గరికి వచ్చింది. "ఏమప్పా, నీ శాస్త్రమే చెప్పు. ఇంజను నడస్తా ఉంటే బ్యాటరీకి చార్జి ఎక్కతాది గదా? ఈడ్నే నిలబెట్టి మూడింటిదాకా ఎక్కిస్తే తప్పేముండాది?"

ఎక్కుతుంది. కొంచెం. ఆ 'ఎక్కుతుంది' దగ్గర ఆగిపోతే ముసలామెకు నేను నచ్చేవాణ్ణి, ఆదివారం నాటి బాకీ కొంత తీరేది. "నిలబెడితే తక్కువ ఎక్కుతుందమ్మా. రోడ్డు మీద పోతేనే బాగా ఎక్కుతుంది" అన్నాను. తర్వాత రాహువు అనేది ఒక గ్రహమే కాదనీ, చంద్రుడి దారీ సూర్యుడి దారీ ఖండించుకునే బిందువనీ కూడా చెప్పాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. గ్రహం కాకపోతే భయం తగ్గాలా? కనబడని బిందువంటే ఇంకా భయం కదా. నా వాదంతో కారు మళ్లీ అంగుళం కదల్లేదు.

అమ్మాయి ముఖం తుడుచుకుని వెనక సీట్లోకి ఎక్కింది. కిటికీ అద్దం దించింది.

"అవ్వా, సోమవారం ప్రస్థానం పెడితిమి గదా."

"పెడితిమి."

"పెట్టినప్పుడే ప్రయాణం మొదలైనట్టు అంటివి గదా."

"అవును మరి."

"అయితే నేను సోమవారమే బయలుదేరినా. ఇప్పుడు దావలో ఉండా. దావలో ఉండేవాళ్లకు రాహుకాలం వస్తే బండి ఆపతారా? ఆపితే దినానికొకసారి ఆపల్ల."

ముసలామె కొడుకు వైపు చూసింది, ఆకాశం వైపు చూసింది. నలభై ఏళ్లుగా నేను ఆ కోటను బయటి నుంచి రాళ్లతో కొడుతున్నాను. ఈ పిల్ల తలుపు తెరుచుకుని లోపలికి పోయి, వాళ్ల తాళంతోనే గది తీసి చూపించింది. నాకు ఆ వాదన తట్టలేదు. తట్టి ఉంటే వాడేవాణ్ణా? బహుశా వాడేవాణ్ణి కాదు. ప్రస్థానాన్ని ఒప్పుకున్నట్టవుతుందని పౌరుషపడి ఉండేవాణ్ణి. అక్కడ ఆ ఫైలు మూడింటిదాకా నా పౌరుషం కోసం నిలబడి ఉండేది.

"పోండి" అంది ముసలామె. "పోండి, పోండి. నిమ్మళంగా నడుపురా."

కారు వీధి మలుపు తిరిగింది. ఆమె అక్కడే నిలబడి, నా వైపు తిరగకుండా, "సదువుకున్నాది" అంది. పొగిడిందో, తిట్టిందో తెలియలేదు.

మరునాడు బడి నుంచి ఇంటికి వచ్చాక ఫోన్ మోగింది. వెనకంతా జనం గోల, మైకులో ఎవరో ర్యాంకులు పిలుస్తున్నారు.

"సార్, ఒరిజినల్స్ సూసినారు. ఒక్క నిమిషం కూడా సూడలేదు సార్, టిక్కు పెట్టి ఇచ్చేసినారు. సీటొచ్చింది. హుబ్బళ్లిలో."

సంతోషమని చెప్పాను. దారిలో లారీలు మూడు గంటలు ఆపేశాయట. నాన్న ఇంజన్ ఆపడానికి భయపడి అట్లే నడిపిస్తూ కూర్చున్నాడట. అర్ధరాత్రి దాటాక చేరారట. ఆదివారం నాడు ఫైలు మా ఇంట్లో పెట్టుకోనని అనడం తప్పైందని కూడా చెప్పాను. సిద్ధాంతం తప్పని అనలేదు, ఇప్పటికీ అనను. కానీ ఒక పిల్ల కాగితాలు మూడు రోజులు మా బీరువాలో ఉంటే ఏ సిద్ధాంతమూ చచ్చేది కాదు.

"ఉండనీండి సార్."

"ఒక్క మాట అడగనా? మీ అవ్వతో చెప్పావే, సోమవారమే బయలుదేరానని. నిజంగా నమ్మే చెప్పావా?"

ఆమె మైకు గోలకు కొంచెం దూరంగా జరిగినట్టుంది.

"నమ్మేది నమ్మనిది నాకు తెల్దు సార్. నాకు పోవల్ల. అంతే" అంది. ఫీజు కౌంటరు దగ్గర తన నంబరు పిలుస్తున్నారని ఫోన్ పెట్టేసింది.